తెల్లకాళ్ల సైన్యం

"మా ఆయన పోయి ఆర్నెల్లయింది మేడం. ఇప్పుడు మళ్లీ వస్తాండాడు."

ఇంత మాటా నెమ్మదిగా చెప్పి, మధులత ఒళ్లోని అట్టపెట్టె మీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది. కడప నుంచి తొలి బస్సుకే బయలుదేరి వచ్చిందేమో, ముఖం వాడిపోయి ఉంది. కర్నూలులో టిఫిన్ హోటల్ పై అంతస్తులో ఉన్న ఆ చిన్న ఆఫీసులోకి కింద నుంచి ఉగ్గాని తాలింపు వాసన వస్తోంది.

డిటెక్టివ్ పద్మప్రియ పోలీసు వేలిముద్రల విభాగంలో చాలాకాలం పనిచేసి, పై అధికారులతో పడక బయటికొచ్చేసిన మనిషి. భయపడి వచ్చినవాళ్లను ఎప్పుడూ తొందరపెట్టదు. ఆమె అసిస్టెంటు హనుమేష్‌ది ఆదోని. ధైర్యవంతుడే. కాకపోతే ఆ ధైర్యం మేడమ్ పక్కన ఉన్నంతసేపే ఉంటుంది. మధులత మాట వినగానే తన కుర్చీని చప్పుడు కాకుండా మేడమ్ వైపు జరుపుకున్నాడు.

"నీళ్లు తాగి మొదటినుంచీ చెప్పమ్మా," అంది పద్మప్రియ.

మధులత చెప్పింది. ఆమె భర్త వేణుగోపాల్ కడపలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో డిజైన్లు వేసేవాడు. ఇంటికొచ్చాక అతని లోకం వేరు. బొటనవేలంత సైనికుల బొమ్మలు తెప్పించుకుని, భూతద్దం కింద పెట్టుకుని, వెంట్రుకవాసి కుంచెతో రంగులు వేసేవాడు. ఆరొందల ఏళ్ల కిందటి విజయనగర సేన ఒకవైపు, బహమనీ సేన ఇంకోవైపు. మంచమంత బల్ల మీద కొండలూ, ఏరూ తయారుచేసి, పాచికలు వేసి, టేపుతో దూరాలు కొలిచి యుద్ధం ఆడేవాడు. విజయనగరం అతనిది. బహమనీ సేన కమలాపురంలో ఉన్న స్నేహితుడు ప్రదీప్‌కుమార్‌ది.

"శివరాత్రికి ముందు ఒక ఆదివారం పొద్దున్నే స్కూటర్ మీద పోయినాడు మేడం. మర్నాడు కాలువలో తేలినాడు. గట్టు మీద స్కూటర్, పక్కన జత చెప్పులు. నీళ్లు మింగి పోయినాడని డాక్టర్ల రిపోర్టు. తలకు దెబ్బ ఉండాది గానీ, కాలువలో బండలు తగిలింటాయన్నారు. తనే దూకినాడని తేల్చినారు."

"ఎందుకు దూకాడన్నారు?"

మధులత పెట్టె మూత మీదకు చూపు దించుకుంది. "నావల్లనంట. ఇంట్లో సుఖముంటే మగోడు బొమ్మలతో ఎందుకు ఆడుకుంటాడు అని వీధంతా అనింది. మా అత్త నోరు తెరిచి అనలేదు. నా ముఖం చూడదు, అంతే."

ఆమె పెట్టె మూత తీసింది. లోపల దూదిలో ఒక చిన్న దళపతి. పట్టు నడికట్టు, చేతిలో బల్లెం, వెనకాల గోరంత వీరగల్లు. యుద్ధంలో చనిపోయిన వీరుడికి ఊళ్లో నాటే రాయి అది. వేణుగోపాల్ తన దళపతులందరి వెనకా అలాంటిదొకటి చెక్కి పెట్టేవాడు. హనుమేష్ ముచ్చటపడి ముందుకు వంగాడు. వంగినవాడు అలాగే ఆగిపోయాడు. బొమ్మ పాదాల నుంచి నడుం దాకా తెల్లటి పొర పాకి ఉంది. స్మశానంలోంచి లేచి నడిచొచ్చినవాడిలా ఉన్నాడు ఆ దళపతి.

"ఆయన పోయేనాటికి తొమ్మిదిమంది దళపతులు మిగిలినారు. రంగులన్నీ అయిపోయినాయి, కాళ్ల కింద నేల ఒకటే వేయాల. ఆయన పని అట్ల సగంలో ఉండకూడదని నేనే చేసినా. స్కూటర్ డిక్కీలో ఒక డబ్బా నిండా మట్టి ఉండె. జల్లించి, జిగురులో కలిపి కాళ్ల కింద పూసినా. వానలు మొదలైనప్పటి నుంచి ఇట్ల. తడిగుడ్డతో తుడుస్తా. తెల్లారి చూస్తే ఇంకొంచెం పైకి వచ్చింటాది. ఈ బొమ్మకు ఆయన తన ముఖమే వేసుకున్నాడు మేడం. అన్నిటికన్నా దీనికే ఎక్కువ వచ్చింది."

చిన్న మీసం, కొంచెం వంకర నవ్వు. రవ్వంత ముఖంలో ఒక మనిషి ప్రాణంతో చూస్తున్నాడు. హనుమేష్ చూపు తిప్పుకున్నాడు.

"కొడుకు కాష్టం నుంచి బూడిదతో లేచి వస్తాండాడని మా అత్త అంటాది. అన్నీ తీసకపోయి కాలువలో పారేయమని మా బావ అంటాండాడు."

"నువ్వేమంటావు?"

"వస్తే రానీ మేడం, నాకేం భయంల్యా." ఆమె ముందుకు వంగింది. "నన్ను వదిలిపెట్టి తన ఇష్టంతోనే పోయినాడా? అదొక్కటి చెప్పండి. అవుననైనా చెప్పండి. తెలియకుండా ఉండలేక పోతాండా."

పద్మప్రియ వేలితో ఆ తెల్లపొరను తాకి, నాలుక మీద పెట్టుకుంది. హనుమేష్ కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. ఆమె మాత్రం మంచినీళ్లు తాగి, "రేపు మీ ఇంటికొస్తాం," అంది.

* * *

కడపలో ఆ ఇంటికి వెళ్లేసరికి మధ్యాహ్నం మబ్బు కమ్మి, కరెంటు పోయి ఉంది. బొమ్మల గది వెనకవైపు. ఒక్క కిటికీ. ఆ కాస్త వెలుతురులో వందల సైనికులు బల్ల నిండా వరుసలు తీరి నిలబడ్డారు. అందరి కళ్లూ గుమ్మం వైపే. ముందు వరుసలో తెల్లకాళ్ల దళపతులు ఎనిమిదిమంది. మధులత పెట్టెలోని తొమ్మిదోవాడిని తీసి వాళ్ల మధ్య నిలబెట్టింది. ఎక్కడో టక్కుమని చప్పుడైంది. హనుమేష్ మేడమ్ చాటుకు జరిగాడు. చూస్తే కిటికీ రెక్క.

"హనుమేష్, వెనకాల ఉన్న పాత సైనికులను చూడు," అంది పద్మప్రియ. "అదే గది, అదే తేమ, అదే జిగురు. వాళ్ల కాళ్లకు ఏమైనా ఉందా?"

ఒక్కరికీ లేదు. కొత్తగా నేల వేసిన తొమ్మిదిమందికే ఆ తెలుపు.

"ఆయన మట్టి ఎక్కడినుంచి తెచ్చేవాడు?"

మధులత ఆర్నెల్లలో మొదటిసారేమో, కొంచెం నవ్వింది. "యాడ మంచి మట్టి కనపడితే ఆడ. పెళ్లయిన కొత్తలో ఒంటిమిట్టకు పోతే, దర్శనం కన్నా ముందు చేతిగుడ్డ నిండా మట్టి మూటగట్టినాడు. ప్రదీపన్నా అంతే. ఈ ఆట ఆడేటోళ్లకు సన్నమట్టి కనపడితే చెయ్యి ఊరుకోదు. దళపతులకైతే నిజమైన వీరగల్లు కిందుండే మట్టే కావాలనేవాడు."

వంటింటి గడపలో కూర్చున్న అత్తగారు నాగేంద్రమ్మ ఆ గదిలో అడుగుపెట్టదు. పద్మప్రియ వెళ్లి ఆమె పక్కనే నేల మీద కూర్చుంది.

"మీ అబ్బాయి మట్టి తెచ్చి ఏం చేసేవాడమ్మా?"

"ఏం చెప్పాల తల్లీ, బియ్యం కడిగినట్టు కడుగుతాండె. ఒకసారి కాదు, నీళ్లు తేటగా అయ్యేదాకా. ఎండబెట్టి, మళ్లీ నా రొట్టెల పెనం మీద ఏయిస్తాండె. మన్ను తినే పెనమా ఇది అని నేను అరుస్తాంటి. ఇప్పుడు అరిచేదానికి వాడేడీ?" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

పెద్దకొడుకు ఓబులేసు అప్పుడే పొలం నుంచి వచ్చాడు. అమ్మమ్మగారి ఊళ్లో, కమలాపురం దగ్గర, సేద్యం అతనిదే. మనిషి ముక్కోపి.

"మేడం, చచ్చినోడు చచ్చినాడు. ఆ బొమ్మలు పోతే గానీ మా అమ్మకు నిద్ర రాదు. మీరు ఆ పిల్లకు లేనిపోని ఆశ పెట్టొద్దండి."

"మీ తమ్ముడు ఆ ఆదివారం మీ ఊరివైపు వచ్చాడా?"

"నాకు తెలీదు. నేను ఆ పొద్దు ఊళ్లోనే లేను." అంటూ అతను విసురుగా వెళ్లిపోయాడు.

"మేడమ్, ఇతనే," అన్నాడు హనుమేష్ బయటికొచ్చాక.

"నీకు నచ్చనివాళ్లందరూ హంతకులైతే మన పని ఎంత తేలికయ్యేదో," అంది ఆమె.

* * *

కమలాపురం శివార్లలో ప్రదీప్‌కుమార్‌కు కడప బండలు పాలిష్ పట్టే షెడ్డు ఉంది. గొలుసు క్రేను బిగించిన ఒక లారీ బయట నిలబడి ఉంది. మనిషి నలభై లోపు, నవ్వుముఖం. వేణుగోపాల్ పేరెత్తగానే కళ్లు తుడుచుకున్నాడు.

"ఏం చెప్తాం మేడం, అన్నదమ్ములకన్నా ఎక్కువ. ఆ ముందు వారం ఆటలో కలిసిందే ఆఖరు. ఆ ఆదివారం ఈ పక్కకు రాలేదు. వచ్చింటే నాకాడికి రాకుండా పోతాడా?"

ఆఫీసుగదిలో అద్దాల బీరువా నిండా అతని బహమనీ సేన. గుర్రాలు, విలుకాళ్లు, మధ్యలో అంబారీ ఏనుగు. హనుమేష్ నోరు తెరిచి చూశాడు. పద్మప్రియ ఏనుగు దగ్గర ఆగింది. మిగతా బొమ్మల కాళ్ల కింద నేల పొడిగా, నిజం నేలలాగే ఉంది. ఏనుగు కింద, దాని వెంట ఉన్న కొద్దిమంది కింద మాత్రం వార్నిష్ పూసి నిగనిగా మెరుస్తోంది.

"ఈ నేల తడిసినట్టుందే?"

"అది బురదనేల మేడం. ఏనుగు ఏరు దాటుతాంది కదా."

"మట్టి?"

"పెన్నా ఇసుకే. మాకు వేరే యాడ దొరుకుతాది?"

"మంచి పనివాళ్లండీ మీరు," అంది పద్మప్రియ మనస్ఫూర్తిగా.

* * *

మర్నాడు మధులత ఇంట్లో పద్మప్రియ దళపతుల వెనకున్న చిన్న వీరగల్లులను ఒక్కొక్కటే భూతద్దంతో చూసింది. వేణుగోపాల్ ముఖం ఉన్న దళపతి వెనక రాయి మీద వీరుడితోపాటు అతని కాళ్ల దగ్గర ఒక కుక్కను కూడా చెక్కాడు. దాన్ని నాగేంద్రమ్మ దగ్గరికి తీసుకెళ్లి చూపించింది. ముసలామె ముందు వద్దంది. తర్వాత కళ్లజోడు పెట్టుకుని ఉలిక్కిపడింది.

"ఇది మా వీరన్న రాయి! మా పుట్టింటి పొలం పక్కన ఉంటాడు. కుక్కతో ఉండేది ఆయన ఒక్కడే. చిన్నప్పుడు వేణును ఎత్తకపోయి మొక్కిస్తాంటి."

ఓబులేసే దారి చూపించాల్సి వచ్చింది. పొలం దాటాక నేల రంగు మారిపోయింది. పైరు లేదు, గడ్డి లేదు. కనుచూపు మేరా తెల్లగా పొంగిన చౌడు, అక్కడక్కడా కంపచెట్లు. మేకలు కూడా ఆ దిక్కుకు రావట. గాలి వీస్తే తెల్లటి దుమ్ము మనిషెత్తు లేచి, కాసేపు నిలబడి, పడిపోతోంది. వీరన్న ఉండాల్సిన చోట గొయ్యి.

"శివరాత్రప్పుడు మాయమైనాడు," అన్నాడు ఓబులేసు గొంతు తగ్గించి. "ఊళ్లో ఎవరూ దీని గురించి మాట్లాడరు. వీరన్న అలిగి తనంతట తనే లేచిపోయినాడంటారు. నేనూ అదే అనుకున్నా."

హనుమేష్ ఆ మాట నమ్మడానికి సిద్ధంగానే ఉన్నాడు. మేడమ్ మాత్రం గొయ్యి చుట్టూ తిరిగి, కంపచెట్ల కింద వంగి వెతకమంది. ముళ్లు గీరుకుని చేతులు రక్తమయ్యాక అతనికి ఒక పాత కుంచె దొరికింది. మట్టి ఊడ్చుకునే కుంచె. దాని ప్లాస్టిక్ పిడి నిండా పంటిగాట్లు.

ఆ సాయంత్రం మధులత దాన్ని చూడగానే, "ఆయనదే. ఏదన్నా ఆలోచిస్తే పిడి కొరుకుతాండె," అంది. పంటిగాట్ల మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది.

* * *

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం అందరూ బొమ్మల గదిలో చేరారు. వేణుగోపాల్ జ్ఞాపకంగా ఒక ఆట ఆడదామని పద్మప్రియ కబురు పెడితే, ప్రదీప్‌కుమార్ తన ఏనుగుతో సహా వచ్చాడు. ఓబులేసు గోడకు ఆనుకున్నాడు. నాగేంద్రమ్మ కొడుకు పోయాక ఆ గదిలోకి రావడం అదే మొదలు. స్థానిక ఎస్సై వాకిట్లో కుర్చీ వేసుకున్నాడు. ఇరుగుపొరుగు ఊరుకుంటారా, గడప దాకా వచ్చి మెడలు చాచారు.

"నాగేంద్రమ్మగారూ, ఇది బూడిద కాదు," అని మొదలుపెట్టింది పద్మప్రియ. "ఉప్పు. చౌడుమట్టిలోని ఉప్పు. తడి తగిలితే కరుగుతుంది, తడి ఆరేటప్పుడు పైకి పాకి తెల్లగా పేరుతుంది. మధులత తడిగుడ్డతో తుడిచినప్పుడల్లా అది ఇంకొంచెం పైకి ఎక్కింది. ఆయన బొమ్మను అందరికన్నా ఎక్కువసార్లు తుడిచింది. అందుకే దానికి ఎక్కువ."

నాగేంద్రమ్మ కోడలి వైపు చూసింది.

"పాత సైనికులకు ఉప్పు లేదు. ఎందుకంటే వేణుగోపాల్ మట్టిని బియ్యంలా కడిగేవాడు. డిక్కీలోని మట్టిని కడగలేదు. ఎందుకు? కడిగే సమయం అతనికి దొరకలేదు. అది అతను చివరి రోజు తీసిన మట్టి. కాలువగట్టు మీద ఉన్నది నల్లరేగడి, చౌడు కాదు. ఈ చౌడు వీరన్న రాయి దగ్గరిది. అతని కుంచె అక్కడే దొరికింది. ఆ మధ్యాహ్నం అతని ఫోను కమలాపురం వైపు ఉందని ఎస్సైగారు నిన్న తెప్పించిన టవర్ వివరాలు కూడా చెబుతున్నాయి. మరి స్కూటర్, చెప్పులు, మనిషి కాలువ దగ్గరికి ఎలా వచ్చారు?"

అందరూ ఓబులేసు వైపు చూశారు. అతను గోడ వదిలి ముందుకొచ్చాడు. "మా యమ్మ మీద ఒట్టు, నేను కాదు!"

"మీరు కాదు. ఆ వారంలోనే వీరన్న రాయి కూడా పోయింది. అంత రాయిని పెకలించాలంటే గొలుసు క్రేను కావాలి, మొయ్యడానికి లారీ కావాలి. రాయిని మోసిన లారీ స్కూటర్‌నూ మోయగలదు."

ప్రదీప్‌కుమార్ నవ్వాడు. "కమలాపురంలో లారీలు శానా ఉండాయి మేడం."

"ఉన్నాయి. కానీ వాటి ఓనర్లెవరూ బొమ్మలకు నేల వెయ్యరు." ఆమె ఏనుగును చేతిలోకి తీసుకుంది. "మీరు రాయిని షెడ్డుకు చేర్చి దులిపారు. దాని అడుగున అంటుకున్న మట్టి మెత్తగా, పిండిలా రాలింది. మామూలు హంతకుడైతే ఊడ్చి పారేసేవాడు. మీకు చెయ్యి రాలేదు. ఏనుగు కింద వేశారు. వానలు రాగానే అదీ తెల్లబడింది. తుడిచి చూసి, భయపడి, వార్నిష్ పూశారు. పనితెలిసినవాళ్లెవరూ పొడినేల మీద మెరుపు పూయరు. బురద అన్నారు. పెన్నా ఇసుక అన్నారు. ఏటి ఇసుకలో ఇంత ఉప్పు ఎక్కడిదండీ?"

గోటితో వార్నిష్ పొరను గీకింది. కింద నుంచి తెల్లటి పొడి బల్ల మీద రాలింది. వందల చిన్న కళ్లు ఆ పొడినే చూస్తున్నట్టున్నాయి. ప్రదీప్‌కుమార్ తన ఏనుగును కాదు, ఎదురుగా నడుం దాకా తెల్లబడిన దళపతిని చూస్తున్నాడు. ఆ వంకర నవ్వు అతనికి బాగా తెలుసు.

"చూడొద్దని చెప్పండి వాడికి," అన్నాడు హఠాత్తుగా.

"ఎవరికి?"

అతను కూలబడ్డాడు. "ఒక గెస్ట్‌హౌస్‌లో అలంకారానికి పాతరాళ్లు కావాలన్నారు మేడం. ఎవరూ పట్టించుకోని రాళ్లే కదా అని తీస్తాంటి. ఆ పొద్దు వేణు ఆడ మట్టి తీసి డబ్బా డిక్కీలో పెట్టుకుంటాండాడు. వాడు ఆడుంటాడని నాకు తెలీదు. ఈ రాయి కదిలిస్తే ఊరందరికీ చెప్తానన్నాడు. తోసినా. వీరన్న రాయికే తల తగిలింది. చచ్చిపోయినాడనుకుని చీకటి పడినాక..."

"చచ్చిపోలేదు," అంది పద్మప్రియ. ఆమె గొంతు అంత చల్లగా మారడం హనుమేష్ ఎప్పుడూ వినలేదు. "నీళ్లు మింగి పోయాడని రిపోర్టు. మీరు కాలువలో వేసేటప్పటికి మీ స్నేహితుడికి ఊపిరి ఉంది."

ప్రదీప్‌కుమార్ చెవులు మూసుకున్నాడు. ఎస్సై వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. అతన్ని లేపి వాకిలి దాటించి తీసుకెళ్లాడు.

మధులత బల్ల దగ్గరే నిలబడింది. పద్మప్రియ ఆమె దగ్గరికి వెళ్లింది.

"చావాలనుకున్న మనిషి అంత ఎండలో కూర్చుని తొమ్మిది బొమ్మలకు సరిపడా మట్టి డబ్బాలో నింపుకోడమ్మా. ఆ మట్టి తెచ్చి కడగాలి, వేయించాలి, అమ్మతో తిట్లు తినాలి. అతనికి సాయంత్రం చాలా పని ఉంది."

"అంటే ఇంటికి వస్తాండె కదా మేడం?"

"ఇంటికే."

మధులత అత్త వైపు తిరిగింది. "విన్నావా అత్తా? నన్ను వదిలిపెట్టి పోలేదంట. ఇంటికే వస్తాండెనంట." నాగేంద్రమ్మ కోడలి రెండు చేతులూ పట్టుకుని ముఖానికి అదుముకుని, "నీ ముఖం చూడకుండా ఎట్ల ఉంటినే తల్లీ," అని బావురుమంది. మధులత ఆ చేతులు విడిపించుకోలేదు. తల మాత్రం ఎత్తి, గడప దగ్గర గుమిగూడిన వీధి జనమందరికీ వినపడేలా మరోసారి గట్టిగా చెప్పింది.

"మా ఆయన ఇంటికే వస్తాండె."